వంగిన బొమ్మని లేతు మీద తిప్పడం ఎలా?

సైన్సు ఎగ్జిబిషన్లో నేను పెట్టిన అవ్వ బొమ్మని చూసి చాలామంది ఒకటే అడిగారు, "ఇది చెక్కావా, తిప్పావా?" అని. తిప్పాను అంటే ఎనిమిదో తరగతి వాళ్లు నమ్మలేదు. లేతు మీద తిరిగిందేదైనా నిటారుగా, గుండ్రంగానే వస్తుంది గదా, మెడ ముందుకి వంగి ఎలా వస్తుందని వాళ్ల వాదన. సైన్సు సారు "గోడపత్రికలో రాయి, అందరికీ తెలుస్తుంది" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఏటికొప్పాక బొమ్మలు మీరంతా చూసే ఉంటారు. ఆ ఊరు వరాహ నది ఒడ్డున ఉంది. ఇదివరకు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటికి వాడేది అంకుడు కర్ర. అంకుడు చెట్టు మనకి కొత్త కాదు, ఆకు తుంచితే పాలు కారుతాయి. కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. కొండపల్లి బొమ్మల సంగతి వేరు. వాళ్లు పొణికి కర్రని చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి అతికిస్తారు. ఏటికొప్పాకలో లేతు మీద తిప్పుతారు. లేతుకి పాత మాట తరిమెన, కానీ షెడ్డులో అందరూ లేతు అనే అంటారు.

మా మావయ్యకి ఈ పని వచ్చు. దసరా సెలవుల్లో ఆయన షెడ్డుకి వెళ్లినప్పుడు మా అవ్వ బొమ్మ చేద్దామనుకున్నాను. మొదటిది మామూలుగా తిప్పాను. అవ్వకి చూపిస్తే నవ్వి, "ఇది నేను కాదురా, పోలీసోడు. నేను ఇలా నిలబడి ఎన్నేళ్లైంది?" అంది. నిజమే, కట్టెల మోపులు మోసి మోసి ఆమె మెడ, భుజాలు ముందుకి వంగిపోయాయి. తల విడిగా చేసి వంకరగా అతికించవచ్చు. కానీ ఒకే కర్రలో రావాలని నా పట్టు.

ఇక్కడ అసలు సంగతి ఏంటంటే, లేతు గుండ్రమే చేస్తుంది, అది నిజం. కానీ ఏ కేంద్రం చుట్టూ గుండ్రం అనేది మన చేతిలో ఉంది. లేతులో కర్రని రెండు మొనల మధ్య బిగిస్తారు. మోటారు వైపు మొనకి పళ్లుంటాయి, అది కర్రని తిప్పుతుంది. రెండో వైపు మొన ఊరికే పొడుచుకుని పట్టుకుంటుంది. రెండు మొనలూ కర్ర నడిమధ్యన ఉంటే బొమ్మ నిటారుగా వస్తుంది. ఒళ్లు అలా తిప్పేసి, తల వైపు మొనని కొంచెం పక్కకి జరిపి తల తిప్పితే? ఒళ్లు ఒక గీత మీద గుండ్రం, తల ఇంకో గీత మీద గుండ్రం. రెండూ కలిసి వంగిన బొమ్మ అయిందన్నమాట.

లెక్క చెప్తాను. నా కర్ర 15 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. మందం. అంటే వ్యాసార్ధం 25 మి.మీ. తల వైపు మొనని 8 మి.మీ. ముఖం పక్కకి జరిపాను. ఇప్పుడు ఆ చివర కొత్త కేంద్రం నుంచి ముఖం వైపు 17 మి.మీ., వీపు వైపు 33 మి.మీ. కర్ర ఉంటుంది. లేతు తిరిగేటప్పుడు చూస్తే లోపల గట్టి కర్ర, దాని చుట్టూ పల్చటి నీడ కనిపిస్తాయి. ఆ నీడ కూడా కర్రే! ఒకసారి వస్తుంది, ఒకసారి ఉండదు. ఉలి గాలిని కోస్తుంది, కర్రని కోస్తుంది, మళ్లీ గాలిని. టకటకమని చప్పుడొస్తుంది. నీడ పూర్తిగా పోయేదాకా కోస్తే 34 మి.మీ. గుండ్రని తల మిగులుతుంది. తల కిందికి వచ్చేకొద్దీ ఈ జరుగుడు తగ్గుతుంది. నడుమ దగ్గర 4 మి.మీ., అడుగున సున్నా. కోణం కొలిస్తే 3 డిగ్రీలే. కోణమానినిలో ఏమీ కనిపించదు, కానీ బొమ్మ మెడలో బాగా కనిపిస్తుంది.

దీనిలో నాకు బాగా నచ్చింది కొప్పు. తల వెనక ఒక సన్నని పట్టీని కొంచెం పెద్దగా, 24 మి.మీ. దగ్గర వదిలేశాను. ముఖం వైపు కర్రే 17 మి.మీ. గదా, అక్కడ ఆ పట్టీ దానంతటదే మాయమైపోయింది. వెనక మాత్రం ఉబ్బుగా నిలిచింది. మావయ్య కూడా "భలే" అన్నాడు.

ఇక జరిగిన తప్పు. మొదటిసారి ఆత్రంలో 8 కాదు, 15 మి.మీ. జరిపాను. చేత్తో ఒక చుట్టు తిప్పి చూడకుండానే స్విచ్ వేశాను. ఉలి ఆన్చే కమ్మీ మరీ దగ్గరగా ఉంది. కర్ర దానికి కొట్టుకుని మొనల్లోంచి ఎగిరింది. తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వాడి చెవి పక్క నుంచి వెళ్లి రేకుకి తగిలింది. మావయ్య నన్ను తిట్టలేదు, మోటారు ఆపేసి బయటికి వెళ్లిపోయాడు. అదే ఎక్కువ అనిపించింది. ఆ సాయంత్రం నేను లేతు ముట్టుకోలేదు.

మర్నాడు ఆయనే చెప్పాడు. కేంద్రం జరిగిన కర్రకి ఒకవైపు బరువెక్కువ, లేతంతా ఊగుతుంది. అందుకని వేగం తగ్గించాలి. (వేగం సగం చేస్తే ఆ విసురు నాలుగో వంతుకి పడిపోతుందని సైన్సు సారు తర్వాత చెప్పారు.) కమ్మీని దూరం పెట్టాలి. చేత్తో తిప్పి ఎక్కడా తగలదని చూడాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి, వేలాడే కండువా తీసేయాలి. ఎదురుగా, పక్కన ఎవరూ ఉండకూడదు. తల తిప్పేటప్పుడు ఒళ్లు కూడా ఊగుతుంటుంది, చెయ్యి అటు పోకూడదు.

రంగు సంగతి కూడా చెప్పాలి. లక్క కడ్డీని తిరిగే కర్రకి ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. కాబట్టి ఒళ్లు తిప్పగానే, మొన జరపకముందే ఒంటికి లక్క పట్టించాలి. జరిపాక ఒళ్లు ఊగుతుంది, లక్క ఒకవైపే అంటుతుంది. తలకి తల కేంద్రం మీద ఉన్నప్పుడే పట్టించాలి. మెడని మాత్రం చివరిదాకా లావుగా ఉంచి, ఆఖర్న సన్నం చెయ్యాలి. నేను కొంచెం ముందే సన్నం చేసేశాను.

అవ్వ బొమ్మ ఇప్పుడు వార్డెన్ సారు గది కిటికీలో ఉంది. మెడ దగ్గర వెంట్రుకంత పగులుంది. చూసేవాళ్లు దయచేసి తల పట్టుకుని ఎత్తవద్దు, అడుగు పట్టుకుని ఎత్తండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థి