చెవికి అండ.. చెంపసరం

పెళ్లిపీటలపై కూర్చున్న వధువు ముఖానికి నిండుదనం తెచ్చేవి ముక్కెర, బుట్టకమ్మలు, చెవి నుంచి కొప్పు వరకు సాగే సన్నని గొలుసులు. వీటిని ఒక్కపూట అలంకారంగానే పలువురు భావిస్తున్నారు. అయితే చెవి గొలుసు కేవలం అందం కోసం పుట్టినది కాదు. కమ్మ బరువును చెవి తమ్మెపై పడనీయకుండా జుట్టుకు అప్పగించడమే దాని అసలు పని. ఈ సంగతి మరచి బరువైన నగలు ధరించడం వల్లనే తమ్మెలు సాగి, తెగి ఇబ్బంది పడుతున్నవారు కనిపిస్తున్నారు.

పేర్లు అనేకం

చెంపను ఆనుకుని సాగే సరం కనుక ఇది చెంపసరం. వాడుకలో చెంపస్వరాలుగా మారింది. మాటీలు అని పిలిచేవారూ ఉన్నారు. ముత్యాల పేటలతోనూ, బంగారు తీగ అల్లికతోనూ వీటిని తయారు చేస్తారు. హైదరాబాద్ ముస్లిం కుటుంబాల పెళ్లి నగల్లో కరన్‌ఫూల్ కమ్మలకు ఊతంగా ఉండే ముత్యాల పేటలను సహారా అంటారు. సహారా అంటే ఆసరా. నగ చేసే పని దాని పేరులోనే ఉంది.

ముక్కు నగలకూ పేర్లు తక్కువేమీ కాదు. ముక్కు రెక్కకు పెట్టుకునే చిన్నది ముక్కుపుడక. రెండు నాసికా రంధ్రాల నడుమ వేలాడేది బులాకీ. నత్తు, బేసరి, అడ్డబాస అన్నవీ ముక్కు నగల పేర్లే. ఎడమ వైపు ధరించాలా, కుడి వైపు ధరించాలా అన్నది ఆయా కుటుంబాల ఆచారాన్ని బట్టి ఉంటుంది. రెండు వైపులా ధరించే ఇళ్లూ ఉన్నాయి.

శిల్పాల్లో కానరాని ముక్కెర

అమరావతి స్తూప శిల్పాల్లోని స్త్రీమూర్తుల చెవులకు పెద్ద పెద్ద ఆభరణాలు కనిపిస్తాయి. ముక్కుకు మాత్రం ఏ నగా కనిపించదు. మన దేశంలో ముక్కు నగల వాడకం మధ్యయుగాలలోనే విస్తరించిందన్నది పరిశోధకులలో ఎక్కువ మంది అభిప్రాయం. ఆలస్యంగా వచ్చినా అది మన ఇళ్లలో స్థిరపడింది. వేమన జీవితంపై ప్రచారంలో ఉన్న కథలో వదినగారి బులాకీ ప్రస్తావన రావడమే అందుకు సాక్ష్యం.

బరువు మోసేది గొలుసే

చెవి తమ్మెలో మృదులాస్థి ఉండదు. చర్మం, కొవ్వు మాత్రమే ఉంటాయి. బరువైన కమ్మను గంటల తరబడి వేలాడదీస్తే రంధ్రం కిందికి సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది చీలికగా మారుతుంది. పూర్తిగా తెగితే కుట్లు వేయించుకోవడం తప్ప మార్గం ఉండదు. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆగి, కుట్టిన మచ్చకు పక్కగా మళ్లీ కుట్టించుకోవాలి.

గొలుసును చెవి మీదుగా తీసి జడలో గట్టిగా తగిలిస్తే బరువులో చాలా భాగం తలకట్టు మోస్తుంది. ముక్కు నగకూ ఇదే సూత్రం. ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ ప్రాంతపు వధువులు ధరించే పెద్ద నథ్‌ను ముక్కు రెక్క ఒక్కటే మోయలేదు. అందుకే దానికి గొలుసు వేసి జుట్టుకు తగిలిస్తారు. కూచిపూడి నర్తకి ఎగిరినా, తిరిగినా బుట్టకమ్మలు ఊగి చెంపలకు తగలకుండా పట్టి ఉంచేదీ మాటీయే.

గొలుసు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. అద్దం ముందు తల అటూఇటూ తిప్పి చూడాలి. కమ్మ కదిలినప్పుడల్లా తమ్మె కిందికి లాగినట్లు కనిపిస్తే గొలుసు వదులుగా ఉన్నట్లే. కొక్కేన్ని ఒకటి రెండు వరుసలు పైకి జరిపి, పిన్నుతో బిగించాలి. వేలాడుతున్న గొలుసు చూపులకే తప్ప చెవికి ఆసరా కాదు.

కొనే ముందు..

బంగారు నగలకు హాల్‌మార్కింగ్‌ను 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య లేని నగలను 2023 ఏప్రిల్ 1 తర్వాత విక్రయించరాదు. అయితే 2 గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ముక్కుపుడకల్లో అధికభాగం ఈ బరువు లోపే ఉంటాయి. కనుక బంగారం స్వచ్ఛత, బరువు, రాయి బరువు వేర్వేరుగా రాసిన రసీదు అడిగి తీసుకోవాలి. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750 గుర్తులుంటాయి.

ఒక్కపూట అవసరానికి రోల్డ్‌గోల్డ్ నగలు చాలు. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి పేరు ఈ నగలతోనే ఊరూరా తెలిసింది. చిలకలపూడి బంగారమన్న మాట అలా పుట్టినదే. అయితే చౌక నగల్లో నికెల్ కలిస్తే కొందరికి దురద, పుండ్లు వస్తాయి. కొత్తగా కుట్టించుకున్న ముక్కుకు, చెవికి ఇలాంటివి పెట్టరాదు. తమ్మె గాయం మానడానికి 6 నుంచి 8 వారాలు, ముక్కుకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అప్పటివరకు చేతులతో తాకుతూ తిప్పడం మంచిది కాదు. ఎరుపు, వాపు, చీము కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి.

ముక్కుపుడక శీల వదులైతే వెంటనే బిగించాలి. చంటిపిల్లలున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. కింద పడిన శీలను పిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

అమ్మమ్మల పెట్టెల్లో జతకమ్మలతో పాటు దాచిన చెంపసరాలను పాతవంటూ కరిగించే ముందు ఒక్కసారి ఆలోచించాలి. బుట్టకమ్మలు ఉంచుకుని వాటిని మోసే గొలుసును కరిగిస్తే, ఆ భారం మళ్లీ పడేది చెవి తమ్మెపైనే.