మాట ఒకటే, గింజలు రెండు

పోలండు రైతు "జితో" అంటే రై అనే ధాన్యం. సెర్బియా రైతు కూడా "జితో" అనే అంటాడు గానీ, అతని దృష్టిలో అది ధాన్యం, ముఖ్యంగా గోధుమ. ఇద్దరిలో ఎవరో పొరబడ్డారనుకుంటాం. అదేం కాదు. స్లావ్ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలో "జితి" అంటే బతకడం. బతికించేది "జితో". చలికీ ఇసుక నేలకీ తట్టుకునేది రై గనుక పోలండులో ఆ పేరు దానికి దక్కింది, దక్షిణాన గోధుమకి. మా ఊళ్లో "పంటెలా ఉంది?" అంటే వరి సంగతే కదా!

రొట్టె కథ వేరు. రష్యన్ "ఖ్లేబ్", పోలిష్ "ఖ్లెబ్" జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్న ఎరువు మాటలు, ఇంగ్లీషు "లోఫ్"కు చుట్టాలు. "జితో" మాత్రం సొంత సొత్తు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న "జీవం" కూడా దాని రక్తసంబంధే.