క్వాంటం చిత్ర వలయంలో గేట్ల తగ్గింపు

విడవలూరు తీరాన్ని పైనుంచి తీసిన చిత్రాన్ని ఊహించుకోండి. కుడి సగం బంగాళాఖాతం, ఎడమ సగం వరి కయ్యలు. దానిని నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలు గల 16 గడులుగా కుదించి, నీటి గడికి 1, నేల గడికి 0 ఇద్దాం. వరుసలకు 00, 01, 10, 11 అని పేర్లు పెడదాం.

2013లో వెలువడిన ఎన్‌ఈక్యూఆర్ పద్ధతిలో దీనికి స్థానం చెప్పే క్యూబిట్లు నాలుగు, విలువ చెప్పేది ఒకటి కావాలి. స్థాన క్యూబిట్ల మీద నాలుగు హడమార్డ్ గేట్లు వేస్తే 16 స్థానాలూ అధ్యారోపణ స్థితిలోకి వస్తాయి. అక్కడిదాకా ఖర్చు తక్కువే. అసలు ఖర్చు విలువలు నింపడంలో ఉంది: 1 ఉన్న ప్రతి గడికీ నాలుగు నియంత్రణలు గల నాట్ గేటు ఒకటి వేయాలి.

సముద్రానికి ఎనిమిది గడులు, ఎనిమిది గేట్లు. అయితే ఆ ఎనిమిదింటికీ నిలువువరుస మొదటి బిట్ 1. మిగిలిన మూడు బిట్లు ఏవైనా కావచ్చు. కనుక ఆ బిట్ ఒక్కటే నియంత్రణగా ఉన్న సీనాట్ గేటు ఒకటి చాలు.

ఇప్పుడు 01 అడ్డువరుస వెంట ఒక ఉప్పుకాలువ సముద్రంలో కలుస్తుందనుకోండి. ఆ వరుసంతా నీరే. కార్నో పటం అలవాటైనవారు వెంటనే నాలుగు గడులనూ ఒక గుంపు చేస్తారు (మొదట నేనూ అదే చేశాను). కార్నో పటంలో గుంపులను కలిపేది 'లేదా' క్రియ కాబట్టి ఒకదానిపై ఒకటి పడినా నష్టం లేదు. నాట్ గేటు మాత్రం విలువను తిప్పుతుంది. రెండు గుంపుల్లోనూ ఉన్న సముద్రపు గడులు రెండుసార్లు తిరిగి 0 అవుతాయి; సముద్రంలో నేల లేస్తుంది! అందుచేత ఎడమ రెండు గడులనే తీసుకోవాలి: అడ్డువరుస 01, నిలువువరుస మొదటి బిట్ 0. నియంత్రణలు మూడు. 0 కావలసిన నియంత్రణకు ముందూ వెనుకా ఎక్స్ గేటు పెట్టాలి. పది నియంత్రిత గేట్లు రెండయ్యాయి.

256×256 గడుల, 8 బిట్ల చిత్రానికి 16+8=24 క్యూబిట్లు చాలు. అమరావతిలో నెలకొల్పుతామని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రానికి 156 ఉన్నాయి. చిక్కంతా గేట్లతోనే. తగ్గించకుండా నింపితే అవి గరిష్ఠంగా 65,536×8, అంటే 5,24,288. రెండే నియంత్రణలు గల టఫోలీ గేటును విడగొట్టడానికే ఆరు సీనాట్లు పడతాయి. వెయ్యికి ఒకసారి తప్పే గేట్లను వెయ్యి వేస్తే, తప్పు లేకుండా ముగిసే అవకాశం సుమారు 37 శాతమే.

గట్లు తిన్నగా ఉన్న కయ్యల చిత్రంలో పెద్ద గుంపులు దొరుకుతాయి. అలల నురుగులా చెదిరిన చిత్రంలో ఈ తగ్గింపు దాదాపు ఉండదు.

సాధన: 11 అడ్డువరుసలోనూ ఇలాంటి కాలువే ఉంటే రెండో గేటుకు ఎన్ని నియంత్రణలు మిగులుతాయి?