దివాలా తీసిన భక్తుడు

"అయిదు పూటలా నమాజు, ఏడాదికి ఒక నెల ఉపవాసం. ఇవి చేసేస్తే మీ మతంలో మనిషి భక్తుడైపోయినట్లేనా?" అని తరగతి మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు. ప్రశ్న సబబైనదే. దీనికి నా సొంత మాటల్లో కన్నా ఒక హదీసు ద్వారా జవాబు చెప్పడం మేలనుకుంటాను. హదీసు అంటే దైవప్రవక్త మహమ్మద్ (స) మాటను, నడతను తెలిపే కథనం. ఈ హదీసు తొమ్మిదో శతాబ్దంలో ఇమామ్ ముస్లిం కూర్చిన సంకలనంలో ఉన్నది.

దివాలా తీసినవాడంటే ఎవరని ప్రవక్త ఒకసారి తన అనుచరులను అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడని వారు చెప్పారు. అది కాదన్నారాయన. తీర్పు దినాన ఒకడు నమాజులు, ఉపవాసాలు, దానాలు మూటగట్టుకొని వస్తాడు. అయితే ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిమీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఇంకొకరిని కొట్టి ఉంటాడు. వాళ్ళందరూ వచ్చి నిలబడతారు. వాడి పుణ్యం తీసి వాళ్ళకు పంచుతారు. పుణ్యం అయిపోయినా బాకీ తీరకపోతే వాళ్ళ పాపాలు తెచ్చి వీడి నెత్తిన వేస్తారు. అసలైన దివాలా అదీ! ఇది ఆ హదీసు సారాంశం.

ఇందులోని కీలకం 'హక్కు' అనే మాట. ఇస్లాంలో మనిషి మీద రెండు హక్కులున్నాయి: ఒకటి దేవునిది, రెండోది తోటివారిది. మొదటిదానిలో లోపం జరిగితే దేవుడు క్షమించగలడు. రెండోదానికి మాత్రం ఆ తోటివాడి దగ్గరికే వెళ్ళాలి. అందుకే పశ్చాత్తాపానికి, అంటే 'తౌబా'కు, పెద్దలు మూడు షరతులు చెప్పారు: తప్పు మానడం, దానికి బాధపడడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. అందులో వేరొకరి హక్కు చేరి ఉంటే నాలుగోది కూడా ఉన్నది. తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలి, లేదా మన్నింపు కోరాలి. ఎంత ప్రార్థించినా ఈ నాలుగోదాన్ని తప్పించుకోలేము.

అలాగైతే నమాజు, ఉపవాసం దేనికి? ఈ పనికి మనిషిని తయారు చెయ్యడానికే. నమాజులో ధనికుడూ కూలివాడూ భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలుస్తారు. ఉపవాసం ఉన్నవాడు అబద్ధం మానకపోతే, అతడు అన్నపానాలు మానడం దేవునికి అక్కరలేదన్నారు ప్రవక్త. ఏడున్నర తులాల బంగారం గాని, యాభై రెండున్నర తులాల వెండి గాని, దానికి సరిపడా పొదుపు గాని చాంద్రమాన సంవత్సరం పాటు నిలిచి ఉంటే, అందులో నలభయ్యోవంతు జకాత్ ఇవ్వాలి. ఇది దయతో పడేసే భిక్ష కాదు. కలిగినవాడి సొమ్ములో లేనివాడికి హక్కున్నదని ఖుర్ఆన్ చెబుతున్నది.

విద్యార్థులమైన మనకు సొమ్ముకన్నా నాలుకతోనే చిక్కు ఎక్కువ. హాస్టలు వరండాలో కూర్చుని లేనివాడి గురించి మాట్లాడుకుంటాం. "ఉన్నమాటే కదా అన్నాను!" అని సమర్థించుకుంటాం. కాని ప్రవక్త చెప్పిన ప్రకారం, ఎదురుగా లేనివాడు వింటే నొచ్చుకునే మాట నిజమైనప్పుడే అది 'గీబత్'. అబద్ధమైతే అంతకు మించిన అపనింద. గీబత్‌ను చచ్చిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది ఖుర్ఆన్. ఇంతకన్నా గట్టిగా చెప్పడం ఎవరి తరం?

మరి దివాలా తీయకుండా ఉండడమెలా? దీనికి ఇమామ్ గజాలీ (1058–1111) చక్కని ఉపాయం చెప్పారు. ఆయన బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో పేరుమోసిన ఆచార్యుడు. తన బోధన వెనుక ఉన్నది కీర్తికాంక్షేనని గ్రహించి, 1095లో ఆ కొలువు వదిలి వెళ్ళిపోయారు. మనసును వ్యాపార భాగస్వామిలా చూడమంటారాయన. ఉదయం దానితో షరతులు మాట్లాడుకోవాలి. పగలంతా కనిపెట్టి ఉండాలి. రాత్రి పడుకోబోయే ముందు లాభనష్టాల లెక్క అడగాలి. ఎవరి పుస్తకం ఇంకా నా దగ్గరున్నది? ఎవరి డబ్బు బాకీ? ఎవరిని నలుగురిలో చిన్నబుచ్చాను? దీన్నే 'ముహాసబా' అంటారు. ఏ మతంవాడైనా, ఏ మతమూ లేనివాడైనా ఈ లెక్క చూసుకోవచ్చునని నా అభిప్రాయం.

మిత్రులారా! ఈ సంచిక మీ చేతికందేసరికి పరీక్షలు దగ్గరపడతాయి. ఆ తర్వాత ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోతాం, మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు. మెస్సు బాకీ కట్టకపోతే కళాశాలవారే వెంటపడి అడుగుతారు. నొచ్చుకున్న స్నేహితుడు మాత్రం అడగడు. కాబట్టి పెట్టె సర్దుకునే ముందే అతని గది తలుపు తట్టండి.