బ్లేడ్ రన్నర్: విడుదల ప్రతి, దర్శకుని కూర్పు

బ్లేడ్ రన్నర్ 1982 జూన్ 25న అమెరికాలో విడుదలైన ఆంగ్ల వైజ్ఞానిక కల్పనా చలన చిత్రము. దీనికి రిడ్లీ స్కాట్ దర్శకత్వము వహించాడు. ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రచురించిన "డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?" అనే నవల ఈ చిత్రానికి ఆధారము. హాంప్టన్ ఫాంచర్, డేవిడ్ పీపుల్స్ చిత్రానువాదము వ్రాయగా, వాంగెలిస్ సంగీతము సమకూర్చాడు. విడుదలైనప్పుడు తగినంత ఆదరణ పొందని ఈ చిత్రము తరువాతి సంవత్సరాలలో వీడియో క్యాసెట్ల ద్వారా, ప్రత్యేక ప్రదర్శనల ద్వారా గాఢమైన అభిమానులను సంపాదించుకొని కల్ట్ చిత్రముగా పేరుపొందినది.

ఈ చిత్రానికి పలు కూర్పులు ఉన్నాయి. వాటిలో 1982 నాటి విడుదల ప్రతి, 1992లో వచ్చిన దర్శకుని కూర్పు ముఖ్యమైనవి. రెండింటి నిడివి దాదాపు సమానము; రెండూ రెండు గంటలకు కొద్దిగా తక్కువ. అయినను కొన్ని మార్పుల వలన కథానాయకుడు ఎవరు అన్న ప్రశ్నకు ఈ రెండు కూర్పులు వేర్వేరు సమాధానాలను సూచిస్తాయి.

కథా నేపథ్యము

కథ 2019 నవంబరులో లాస్ ఏంజలెస్ నగరములో జరుగుతుంది. టైరెల్ సంస్థ తయారుచేసిన రెప్లికెంట్లు అనే కృత్రిమ మానవులను ఇతర గ్రహాలలోని వలసలలో బానిసలుగా వాడుతుంటారు. వారు భూమి మీదకు రావడము నిషిద్ధము. వారిలో నెక్సస్-6 రకము వారి ఆయుష్షు నాలుగు సంవత్సరాలు మాత్రమే. పారిపోయి వచ్చిన రెప్లికెంట్లను వెదకి చంపే పోలీసులను బ్లేడ్ రన్నర్లు అంటారు. అటువంటివాడైన రిక్ డెకార్డ్ పాత్రను హారిసన్ ఫోర్డ్, రెప్లికెంట్ల నాయకుడు రాయ్ బాటీ పాత్రను రట్గర్ హౌయర్ పోషించారు.

టైరెల్ వద్ద పనిచేసే రేచల్ (షాన్ యంగ్) తాను మనిషినేనని నమ్ముతుంది. ఆమె ఎవరికీ చెప్పని బాల్య జ్ఞాపకాలను డెకార్డ్ ఆమెకే వినిపించి, అవి వేరొకరి నుండి తీసి ఆమెలో అమర్చినవని తెలియజేస్తాడు. కూర్పుల మధ్య తేడాను అర్థము చేసుకొనుటకు ఈ సన్నివేశము కీలకము.

విడుదలకు ముందు మార్పులు

1982 మార్చిలో డెన్వర్, డల్లాస్ నగరాలలో ముందస్తు ప్రదర్శనలు జరిగాయి. కథ అర్థము కాలేదని, ముగింపు నిరాశగా ఉన్నదని ప్రేక్షకులు అభిప్రాయపడ్డారు. అప్పటికే నిర్మాణ వ్యయము అంచనాలను మించిపోయినందున, చిత్రము పూర్తికి హామీ ఇచ్చిన బడ్ యోర్కిన్, జెర్రీ పెరెంచియోలకు కూర్పు విషయములో నిర్ణయాధికారము సంక్రమించినది. ఫలితముగా రెండు ముఖ్యమైన చేర్పులు జరిగాయి.

మొదటిది, చిత్రము పొడవునా హారిసన్ ఫోర్డ్ గొంతుతో వినిపించే వ్యాఖ్యానము. వ్యాఖ్యానపు ఆలోచన తొలి చిత్రానువాద ప్రతులలో కూడా ఉన్నది; కాని చిత్రములో చేరిన పాఠము ఫోర్డ్‌కు గాని, స్కాట్‌కు గాని నచ్చలేదు. రెండవది, సుఖాంతము. డెకార్డ్, రేచల్ నగరము విడిచి పచ్చని కొండల మధ్య కారులో వెళ్ళిపోతారు. ఇందులోని కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ తన 1980 నాటి "ది షైనింగ్" చిత్రము కొరకు ఆకాశము నుండి తీయించి, వాడకుండా మిగిల్చినవి.

దర్శకుని కూర్పు వెలువడిన విధము

1990లో లాస్ ఏంజలెస్‌లోని ఒక సినిమా హాలులో ఈ చిత్రము యొక్క పని ప్రతి అనుకోకుండా ప్రదర్శింపబడినది. ఇది ముందస్తు ప్రదర్శనలలో చూపిన ప్రతి. ఇందులో సుఖాంతము లేదు, వ్యాఖ్యానము ఒక్కచోట మాత్రమే ఉన్నది. 1991లో లాస్ ఏంజలెస్, శాన్ ఫ్రాన్సిస్కోలలో తిరిగి ప్రదర్శించినప్పుడు దీనికి మంచి ఆదరణ లభించినది. దీనినే దర్శకుని కూర్పుగా ప్రచారము చేయగా, ఇది అసంపూర్ణ ప్రతి మాత్రమేనని స్కాట్ అభ్యంతరము తెలిపాడు. తరువాత అతని సూచనల ఆధారముగా వార్నర్ బ్రదర్స్ సంస్థ తయారు చేయించిన కూర్పు 1992 సెప్టెంబరులో విడుదలైనది.

ముఖ్యమైన తేడాలు

* వ్యాఖ్యానము: విడుదల ప్రతిలో ఉన్న వ్యాఖ్యానమంతా దర్శకుని కూర్పులో తొలగింపబడినది. విడుదల ప్రతిలో బాటీ మరణించినప్పుడు, అతడు తన ప్రాణము ఎందుకు కాపాడాడో డెకార్డ్ తన మాటలలో వివరిస్తాడు. దర్శకుని కూర్పులో వాన, సంగీతము, డెకార్డ్ ముఖము మాత్రమే ఉంటాయి. కారణము ప్రేక్షకుడే ఊహించుకోవాలి.
* ముగింపు: విడుదల ప్రతి చివరలో రేచల్ ప్రత్యేకమైనదని, ఆమెకు ఆయుష్షు గడువు లేదని వ్యాఖ్యానము చెబుతుంది. దర్శకుని కూర్పులో ఈ భరోసా లేదు. ఇద్దరూ లిఫ్టులోకి వెళ్ళగానే తలుపులు మూసుకొని చిత్రము ముగుస్తుంది.
* కల: దర్శకుని కూర్పులో డెకార్డ్ పియానో ముందు కూర్చున్నప్పుడు అడవిలో పరుగెత్తే ఒంటికొమ్ము గుర్రము కొన్ని క్షణాలు కనిపిస్తుంది. ఇది విడుదల ప్రతిలో లేదు.

కల వలన మారిన అర్థము

గాఫ్ (ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్) అనే పోలీసు అధికారికి కాగితాలను మడిచి బొమ్మలు చేసే అలవాటు ఉన్నది. చివరలో డెకార్డ్ ఇంటి వద్ద నేలపై గాఫ్ వదిలిన ఒంటికొమ్ము గుర్రపు బొమ్మ దొరుకుతుంది. ఈ దృశ్యము రెండు కూర్పులలోనూ ఉన్నది. విడుదల ప్రతిలో దీని అర్థము ఒక్కటే: గాఫ్ అక్కడికి వచ్చి కూడా రేచల్‌ను చంపకుండా వెళ్ళాడు. దర్శకుని కూర్పులో మరొక ప్రశ్న పుడుతుంది. డెకార్డ్ ఎవరికీ చెప్పని కల గాఫ్‌కు ఎట్లా తెలిసినది? రేచల్ జ్ఞాపకాలు డెకార్డ్‌కు తెలిసినట్లే, డెకార్డ్ కల గాఫ్‌కు తెలిసి ఉండాలి. అనగా డెకార్డ్ కూడా రెప్లికెంట్ కావచ్చును. బొమ్మ దృశ్యము మారలేదు; దానికి ముందు చేరిన దృశ్యము వలన దాని అర్థము మారినది.

డెకార్డ్ రెప్లికెంట్ అని స్కాట్ తరువాత స్పష్టముగా చెప్పగా, ఫోర్డ్ చాలాకాలము అతడు మనిషేనని వాదించాడు. యంత్రముగా పుట్టినవాడు మనిషిపై దయ చూపడములోనే కథ బలము ఉన్నదని, డెకార్డ్ కూడా రెప్లికెంట్ అయితే ఆ బలము తగ్గుతుందని ఈ పక్షము వారి వాదన. తనను తాను మనిషిననుకొన్న వేటగాడే వేటాడబడేవారిలో ఒకడని తెలియడము మరింత లోతైనదని రెండవ పక్షము వారి వాదన. 2017లో వచ్చిన తరువాయి చిత్రము "బ్లేడ్ రన్నర్ 2049" కూడా ఈ ప్రశ్నను తేల్చలేదు.

తుది కూర్పు

1992 నాటి కూర్పు తొందరలో తయారైనందున స్కాట్‌కు పూర్తి తృప్తి కలుగలేదు. చిత్రము యొక్క 25వ వార్షికోత్సవ సందర్భముగా 2007లో అతని పర్యవేక్షణలో తుది కూర్పు వెలువడినది. ఇందులో కల దృశ్యము పొడిగింపబడినది. పోలీసు కారును ఎత్తి పట్టుకొన్న తీగలు చెరిపివేయబడ్డాయి. జోరా పాత్ర గాజు పలకల గుండా పరుగెత్తే దృశ్యములో బదులు నటి ముఖము కనిపించకుండా జోవన్నా కాసిడీ ముఖము అమర్చబడినది. పారిపోయిన రెప్లికెంట్ల లెక్కలో ఉన్న తప్పు కూడా సరిచేయబడినది.

విడుదల ప్రతి స్థానము

విడుదల ప్రతిని కేవలము చెడగొట్టబడిన చిత్రముగా భావించుట సరికాదు. వ్యాఖ్యానము వలన చిత్రానికి పాత నేరపరిశోధక చిత్రాల ఛాయ వచ్చినదని దానిని ఇష్టపడేవారు ఉన్నారు. దర్శకుని కూర్పు కంటే ముందే ఈ చిత్రము అభిమానులను సంపాదించుకొన్నది కూడా వ్యాఖ్యానముతో ఉన్న ప్రతుల ద్వారానే. 1992 తరువాత ఈ చిత్రాన్ని మొదటిసారి చూసిన అనేకులకు వ్యాఖ్యానము లేని కథే అసలు కథ. 2007లో వెలువడిన డీవీడీల సంపుటిలో పని ప్రతితో సహా ఐదు కూర్పులను చేర్చారు. దీనివలన దర్శకుడు కోరినదేమిటో, 1982లో ప్రేక్షకులు చూసినదేమిటో పక్కపక్కనే పోల్చి చూడడానికి అవకాశము కలిగినది.