మా (పదము)

మా అనేది ప్రపంచంలోని అనేక భాషలలో వినిపించే ఏకాక్షర పదము. ఒక్కొక్క భాషలో దీని అర్థము, పుట్టుక వేరుగా ఉంటాయి. పదాల పోలికను చూచి భాషల బంధుత్వాన్ని నిర్ణయించరాదని తెలిపేందుకు ఇది చక్కని ఉదాహరణ.

ద్రావిడ భాషలలో

తెలుగులో "మా" అనునది "మేము" అనే సర్వనామమునకు షష్ఠీ రూపము. వినేవారిని మినహాయించి చెప్పునప్పుడు "మా ఊరు" అనీ, వారిని కలుపుకొని చెప్పునప్పుడు "మన ఊరు" అనీ అంటాము. "మేము"కు ప్రాచీన రూపము "ఏము". తమిళములోని "ఎం" దీనికి సజాతీయము. తమిళములో "మా" అనగా మామిడి. తెలుగులోని మావి, మామిడి పదాలు దీనికి బంధువులు.

సంస్కృతము, ఐరోపా భాషలలో

సంస్కృతములో "మా" నిషేధార్థక అవ్యయము, అనగా "వద్దు" అని అర్థము. ప్రాచీన గ్రీకులోని "మే" దీనికి సజాతీయము. "కొలుచు" అనే అర్థము గల "మా" ధాతువు వేరొకటి. ప్రమాణము, పరిమాణము మొదలగునవి దాని నుండి ఏర్పడినవి. లక్ష్మికి కూడా "మా" అని పేరు. "మాధవుడు" అనగా లక్ష్మీపతి అని చెప్పే వ్యుత్పత్తి దీనిపై ఆధారపడినదే.

హిందీలోని "మా(ఁ)" అనగా తల్లి. ఇది సంస్కృత "మాతృ" శబ్దము నుండి వచ్చినది. ఇటాలియన్‌లో "మా" అనగా "కానీ". దీనికి మూలము "ఎక్కువ" అను అర్థము గల లాటిన్ పదము "మాగిస్". ఫ్రెంచిలో స్త్రీలింగ నామమునకు ముందు వచ్చే "మా"కు "నా" అని అర్థము. అది లాటిన్ "మెయా" నుండి పుట్టినది.

ఇతర భాషలలో

* అరబ్బీ: "మా" అనగా "ఏమిటి". వాక్యములో "లేదు, కాదు" అనే అర్థములోనూ వాడుతారు. హీబ్రూలోని "మా" (ఏమిటి) దీనికి సజాతీయము.
* చైనీస్ (మాండరిన్): స్వరము మారితే అర్థము మారుతుంది. నాలుగు స్వరాలలో వరుసగా తల్లి, జనుము వంటి నార మొక్క, గుర్రము, తిట్టుట అని అర్థాలు.
* థాయి: స్వరభేదముతో వచ్చుట, కుక్క, గుర్రము.
* జపనీస్: రెండింటి మధ్య గల ఖాళీ లేక విరామము. సంగీత, నాటక కళలలో ఇది ముఖ్యమైన భావన.
* హంగేరియన్: నేడు.

పోలికకు కారణాలు

తెలుగు "మా", ఫ్రెంచి "మా" రెండూ స్వామ్యమును తెలుపుతాయి. సంస్కృత "మా", అరబ్బీ "మా" రెండూ వ్యతిరేకార్థకములు. అయినను ఈ జంటల మధ్య బంధుత్వము లేదు. భాషలలోని ధ్వనులు పరిమితము, పదాలు వేలకొలది. కనుక పొట్టి పదాలు యాదృచ్ఛికముగా కలియుట సహజము.

రెండవ కారణము ఎరువు తెచ్చుకొనుట. థాయిలో గుర్రమును తెలుపు పదము చైనీస్ నుండి వచ్చినదని భావిస్తారు. మూడవది శిశువుల పలుకు. పెదవులు కలిపి విడిచే "మ" ధ్వనిని పసివారు తొలిదశలోనే పలుకగలరు. అందువలననే పరస్పర సంబంధము లేని భాషలలోనూ తల్లిని తెలిపే పదాలలో "మ" తరచుగా కనిపిస్తుందని రోమన్ జాకబ్సన్ 1960లో ప్రచురితమైన వ్యాసములో వివరించాడు.

బంధుత్వమును నిర్ణయించు విధము

నాలుగవ కారణమైన నిజమైన బంధుత్వము ఒక్క పదముతో తేలదు. అనేక పదాలలో ధ్వనులు ఒకే క్రమములో మారుచుండవలెను. తెలుగు చెవి, చెడు, చెఱువు అను పదాలకు కన్నడములో కివి, కెడు, కెరె అని రూపాలు. పైకి భిన్నముగా ఉన్నను, "చ"కు బదులు "క" అనే క్రమము అన్నింటిలో ఉన్నది కనుక ఇవి సోదర పదాలు.

తెలుగులో సంస్కృత పదాలు విస్తారముగా ఉండుటచే తెలుగు సంస్కృతము నుండి పుట్టినదని పూర్వము పలువురు తలచారు. ఎ.డి.క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణమునకు (1816) వ్రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన చూపి ఆ అభిప్రాయమును ఖండించాడు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రచురించాడు. ఎరువు పదాలను పక్కన పెట్టి మూల ధాతువులను పరిశీలించినందుననే తెలుగు యొక్క అసలు కుటుంబము స్పష్టమైనది.