గ్యాస్ తారులోంచి రెయిన్‌కోటు

గ్లాస్గో దీపాలకు బొగ్గు నుంచి గ్యాస్ తీసే రోజులవి. గ్యాస్ పోగా మిగిలిన తారునూ అమ్మోనియా నీళ్లనూ చార్లెస్ మాకింటోష్ అనే రసాయన వ్యాపారి 1819లో కొనడం మొదలుపెట్టాడు. ఆయనకు కావలసింది అమ్మోనియా, అద్దకం రంగు తయారీకి. తారును పారబోయడం ఇష్టంలేక మరిగించి ఆవిరి పట్టాడు. నాఫ్తా అనే ఘాటు ద్రవం దిగింది. అందులో రబ్బరు కరిగింది.

రబ్బరు నీటిని ఆపుతుందని అప్పటికే లోకానికి తెలుసు. దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుపాలను నేరుగా గుడ్డకు పూసేవారు. ఐరోపా చేరేది మాత్రం గట్టిపడిన ముద్ద. తారు ద్రవంలో అది కరుగుతుందని జేమ్స్ సైమ్ అనే వైద్య విద్యార్థి 1818లోనే చెప్పాడు. మాకింటోష్ తెలివి పూత పెట్టిన చోట ఉంది. రబ్బరును పైన పూస్తే చేతికి అంటుకుంటుంది. అందుకని బొబ్బట్టులో పూర్ణంలా రెండు గుడ్డల మధ్య పెట్టి నొక్కేశాడు. 1823లో పేటెంటు తీసుకున్నాడు.

ఆ గుడ్డతో కుట్టిన కోటు మాత్రం సతాయించింది. ఎండకు మెత్తబడి జిగురయ్యేది, చలికి అట్టలా బిగిసేది, పైగా కంపు. దర్జీ సూది దిగిన ప్రతి చోటా నీళ్లు కారేవి. దాంతో కుట్టుపని మాకింటోష్ కంపెనీయే చేపట్టింది.

అసలు జబ్బు రబ్బరులోనే ఉంది. దాని పొడవాటి అణువులు విడివిడిగా ఉంటాయి, వేడి తగిలితే ఒకదానిమీద ఒకటి జారతాయి. గంధకం కలిపి వేడిచేస్తే ఆ అణువుల మధ్య ముడులు పడతాయి. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దీన్ని కనిపెట్టాడు. ఆయన పంపిన నమూనాలు చూసి, మాకింటోష్ భాగస్వామి థామస్ హాన్‌కాక్ ఇంగ్లండులో 1843 నవంబరులో పేటెంటుకు గుడ్‌ఇయర్ కంటే ముందే వెళ్లాడు. అప్పటికి మాకింటోష్ కన్నుమూసి నాలుగు నెలలు.

గంధకం జిగురును వదిలించినా చెమట బాధ మాత్రం తీరలేదు. వానను రానివ్వని పొర ఆవిరినీ పోనివ్వదు. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ ప్లాస్టిక్‌ను చటుక్కున సాగదీసి, ఆవిరి దూరి చినుకు దూరలేని సన్నటి రంధ్రాల పొర చేశాడు. కొండలెక్కేవాళ్లు దానికి మారారు. పాత రబ్బరు గుడ్డకూ పని పోలేదు. మన ఆసుపత్రుల్లో పరుపు తడవకుండా నర్సులు దుప్పటి కింద పరిచే మెకింటాష్ అదే. అక్కడ కావలసింది దేన్నీ దాటనివ్వని ఆ మొండితనమే.